ఒకే పాకం ముక్కలు

ఒక్క దెబ్బకి ఏడుగురు చచ్చిపోయారు.

సూర్యలంక ఇసుకలో, సరుగుడు చెట్ల నీడన కూర్చుని చూస్తున్న నాగూర్‌బీకి ముందు ఏమీ అర్థం కాలేదు. చీరాల జట్టు నాయకుడు దైవసహాయం మాస్టారు తన కత్తితో బాపట్ల జట్టులోని శశిధర్ గుండె మీద ఒక్కటిచ్చాడు. ప్లాస్టిక్ పైపుకి స్పాంజి చుట్టి, పైన నల్ల టేపు వేసిన కత్తి అది. తగిలితే దిండుతో కొట్టినట్టుంటుంది. శశిధర్ "తగిలింది!" అని అరిచి వెల్లకిలా పడ్డాడు. అంతవరకూ ఆట పద్ధతే. కానీ అదే క్షణాన ముప్పై గజాల అవతల బల్లెం పట్టుకున్న అమ్మాయి గుండె పట్టుకుని పడిపోయింది. డాళ్లు పట్టుకున్న ఇద్దరూ పడ్డారు. ఆ వెనక ఇంకో ఇద్దరు. చివరికి బాపట్ల జట్టు నాయకురాలు, నాగూర్‌బీ కూతురు కాశింబీ కూడా "తగిలింది" అంటూ కూలబడింది. వాళ్ల దరిదాపుల్లో చీరాల మనిషన్నవాడు లేడు.

ఈ ఆటకి అంపైరు ఉండడు. చేతికి తగిలితే ఆ చెయ్యి వెనక్కి పెట్టుకోవాలి. కాలికి తగిలితే మోకాళ్ల మీద దేకాలి. గుండెకో వీపుకో తగిలితే చచ్చినట్టే. చచ్చినవాళ్లు ఆట ముగిసేదాకా వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకోవాలి, నోరు మెదపకూడదు. తగిలిందో లేదో ఎవరికి వారే నిజం చెప్పుకోవాలి. తగిలినా తగల్లేదని బుకాయించినవాణ్ణి మళ్లీ ఎవరూ ఆటకి పిలవరు.

"ఏంది మాస్టారూ, కత్తికి మంత్రం వేయించారా?" చీరాల వాళ్లే తమ నాయకుణ్ణి ఆటపట్టించారు.

"నాకేం తెల్సయ్యా, నేను కొట్టింది ఒక్కణ్ణే," ఆయన కత్తిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "బాపట్ల వాళ్లకి ఇంత ఐకమత్యం ఎప్పట్నించో!"

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో కాశింబీ ఒళ్లో పెట్టుకున్న కవచాన్ని నొక్కి చూస్తూ ఉంది.

ఆ కవచాలు కుట్టింది నాగూర్‌బీయే. వాళ్లది పరుపులు కుట్టే వంశం. భర్త ఖాజా బతికున్నన్నాళ్లూ ఆయన విల్లులాంటి బద్దతో దూది ఏకితే, ఆమె దబ్బనంతో కుట్టేది. ఆయన పోయి ఆరేళ్లయింది. కంపెనీ పరుపులొచ్చాక ఏకే పనీ పోయింది. కూతురు మాత్రం చదువుకుని, కాలేజీ లేబొరేటరీలో కొత్తరకం స్పాంజి తయారుచేసే పనిలో చేరింది. "మా నాన్న దూదిని పొంగించాడు, నేను రబ్బరుని పొంగిస్తన్నా" అంటుంది నవ్వుతూ.

ఆదివారాల కత్తియుద్ధానికి కవచాలు కావాలని ఆ పిల్లే ఒక రోజు మీగడ రంగు స్పాంజి పలక ఒకటి, నిలువెత్తుది, ఆటోలో వేసుకొచ్చింది. ఒకే పాకంలో, ఒకే పీపాలో పొంగిన పలక. నాగూర్‌బీ పురికొసతో ఒక్కొక్కరి ఛాతీ కొలిచి, పాత పేపర్ల మీద కొలతలు దింపి, ముందుకొకటి వెనక్కొకటి కోసింది. పైన ఆటో సీట్లు కుట్టే షాపులో మిగిలిన రెక్సిన్ ముక్కల్ని చేపపొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి కుట్టి, ఇత్తడి రంగు పూసింది. కట్టుకోవడానికి పాత స్కూలు సంచుల పట్టీలు. ఏడుగురికి ఏడు, చిరిగితే పనికొస్తుందని ఇంకొకటి. వేసుకున్నవాళ్లు అద్దం ముందు నుంచి కదల్లేదు.

కుడుతున్నప్పుడే ఒక చిత్రం జరిగింది. ఒక ముక్కలో దబ్బనం గుచ్చి లాగితే, చాప మీదున్న మిగతా ముక్కలన్నీ ఉలిక్కిపడ్డట్టు ముడుచుకునేవి. ఆమె కళ్లు నులుముకుంది. చత్వారం ముదిరిందనుకుంది.

సోమవారం పొద్దున కాశింబీ వంటింట్లో పరీక్ష పెట్టింది. ఒక కవచం గడప దగ్గర పెట్టి, దాని మీద ఇస్త్రీపెట్టె ఆనించింది. పొయ్యి పక్కనున్న రెండో కవచంలో ఇస్త్రీపెట్టె ఆకారంలో గుంట పడింది. నాగూర్‌బీ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

"ఏందే ఇది?"

"నాకూ తెలీదమ్మా. ఒకే పాకంలో పొంగింది గదా. కోసినా గూడా తనది ఒకటే ఒళ్లనుకుంటంది కాబోలు." ఆ పిల్ల కవచం అంచున గోరంత ముక్క కత్తిరించి నేల మీద పెట్టింది. పెద్దదాన్ని బొటనవేలితో మెల్లగా నొక్కింది. గోరంత ముక్క లోపలికి పీల్చుకుపోయి కాగితమంత పల్చనైంది. "చూశావా? చిన్న ముక్కకి ఇంకా గట్టిగా తగులుతంది. అమ్మా, పలక కోసినప్పుడు ముక్కలేమన్నా మిగిల్నయ్యా?"

"ఏం మిగల్లేదే," అంది నాగూర్‌బీ.

అబద్ధం చెప్పలేదు. వాళ్లింట్లో తాతలనాటి పద్ధతి ఒకటుంది. ఏ పరుపు కుట్టినా కోతలో పోయిన తుంపులు పారేయరు, అమ్మరు, మరో పనికి వాడరు. అవి చంటిదిండువి. ఒక చిన్న గలీబులో కూరి పెడతారు. తర్వాత ఏ ఇంట్లో పురుడొచ్చిన కబురు తెలిస్తే ఆ ఇంటికి ఊరికే ఇస్తారు. కత్తెర పడ్డ క్షణానే ఆ తుంపులు ఎవరో ముక్కూమొహం తెలియని పసిబిడ్డ సొత్తయిపోతాయి. వాటిని మిగిలినవని నలభై ఏళ్లలో నాగూర్‌బీ ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడూ అనుకోలేదు.

కాశింబీకి మాత్రం కాలు నిలవలేదు. లేబొరేటరీకి పరిగెత్తింది, ప్రొఫెసరుకి చూపించింది. హెల్మెట్లు చేసే కంపెనీ వాళ్లని ఆదివారం ఆటకి రమ్మని ఆయన ఫోన్ చేశాడు. దూరాన మనిషికి దెబ్బ తగిలితే ఇక్కడ తెలిసే స్పాంజి! ఎన్ని ప్రాణాలు కాపాడొచ్చు! ఆట చెడకుండా ఉండాలంటే మాత్రం ఒకరి దెబ్బ ఇంకొకరి ఒంటికి తెలియకూడదు. అందుకని నాగూర్‌బీ ప్రతి కవచానికీ లోపల బూరుగు దూది అస్తరు వేయడానికి కూర్చుంది.

బుధవారం ఎండుచేపల కాటమ్మ వీధిలోకి వచ్చింది. సూర్యలంక దగ్గర పల్లెపాలెం మనిషి. ఇరవై ఏళ్లుగా వాడుక.

"వదినా, మా అమ్మాయి సముద్రాలుకి ఆడపిల్ల! పదకొండు దినాలయింది. పిల్ల బంగారమనుకో, పడుకోటమే లేదు, ఒకటే ఏడుపు."

"అల్లా చల్లగా చూడాల." నాగూర్‌బీ లోపలికి వెళ్లి బుట్టలో ఉన్న చంటిదిండు తెచ్చి గంప మీద పెట్టింది. "మెత్తగుంటది, పట్టకపో."

గురువారం సాయంత్రం అస్తరు కొలత కోసం కాశింబీ తన కవచం వేసుకుంది. వేసుకుని నిలబడిపోయింది.

"అమ్మా, ఎడంపక్క ఏదో పెట్టి కుట్టావు. గుంట... చిన్న కొబ్బరికాయంత."

నాగూర్‌బీ విప్పి చూసింది. ఏమీ లేదు. మళ్లీ కుట్టింది. గుంట అక్కడే ఉంది. చూస్తుండగానే కాస్త పక్కకి జరిగింది. ఇంకో కవచం తీస్తే దాంట్లోనూ అదే. ఎనిమిదింటిలోనూ అదే గుంట, ఎనిమిదింటిలోనూ ఒకేసారి జరుగుతోంది.

"పాకం తేడా చేసిందా?" అంది కాశింబీ గోరు కొరుక్కుంటూ. "ఎండిపోయి కుంగతందా? ప్రొఫెసరుకి ఏం చెప్పాల?"

"నన్నడుగుతావేందే? నువ్వు గదా వండింది."

"నువ్వు గదా కోసింది!"

ఇద్దరూ కాసేపు ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. తర్వాత ఏం చేయాలో తోచక అస్తరు ఇంకో వరస మందంగా వేశారు. గుంట ఒంటికి తెలియలేదు. తెలియకపోతే లేనట్టే అనుకున్నారు.

ఆదివారం ఇసుకలో జనం బాగానే ఉన్నారు. ప్రొఫెసరు టోపీ పెట్టుకుని వచ్చాడు. కంపెనీ మనుషులు ఇద్దరు బూట్లలో ఇసుక దులుపుకుంటూ నిలబడ్డారు. నాగూర్‌బీ ఎనిమిదో కవచాన్ని తిరగేసి ఒళ్లో పెట్టుకుని సరుగుడు నీడన కూర్చుంది. అస్తరు వేయనిది అదొక్కటే.

ఈసారి బాపట్ల వాళ్లు గట్టిగా నిలబడ్డారు. అయినా దైవసహాయం మాస్టారి మనుషులు మొండివాళ్లు. మొదట శశిధర్ పడ్డాడు. వంద కిలోల మనిషి, వెల్లకిలా పడి కళ్లు మూసుకున్నాడు. నాగూర్‌బీ ఒళ్లో కవచం వేలెడు లోతున అణిగి, నిదానంగా కొంత లేచింది. ఇంకో అమ్మాయి పడింది. ఇంకాస్త అణిగింది. అణిగిన ఆ పలకలో చిన్న గుంట మాత్రం విడిగా, స్పష్టంగా కనిపిస్తోంది. నాగూర్‌బీ దాన్ని ఎండకి తిప్పింది.

గుండ్రంగా లేదు. ఒకవైపు కాస్త చదును. అంచున సన్నటి ముడత, చింతగింజంత. వంకర తిరిగి, లోపల ఇంకో చిన్న మలుపు.

చెవి.

నలభై ఏళ్లు దిళ్లు కుట్టిన మనిషికి తల పెట్టిన గుంట తెలియకుండా ఎలా పోయిందో! ముసలివాళ్లది, మగవాళ్లది, జడ వేసుకున్నవాళ్లది, ఎవరి గుంటైనా గలీబు ఉతకడానికిచ్చినప్పుడే చెప్పగలదు. ఇది పసితల. పక్కకి తిరిగి పడుకుంది. చింతగింజంత చెవి.

మూడో మనిషి పడ్డాడు. కవచం ఇంకా దిగింది. చెవి గుంట లోతైంది. చిన్న ముక్కకి ఇంకా గట్టిగా తగులుతంది, అంది కాశింబీ.

నాగూర్‌బీ లేచింది. చెప్పులు అక్కడే వదిలేసింది. పల్లెపాలెం పరిగెత్తాలా? మైలున్నర. ఈలోగా ఇక్కడ ఇంకెందరు పడతారో! రెండడుగులు అటు వేసి, రెండడుగులు ఇటు వేసి, చివరికి కత్తుల మధ్యకి దూరింది.

"లేవండ్రా! లేవండి! వాటి మీద పడుకోబాకండి!"

శశిధర్ భుజం పట్టుకుని లాగింది. అతను ఒక కన్ను తెరిచి, గుసగుసగా, "ఆంటీ, నేను చచ్చిపోయానండీ. మాట్లాడకూడదు," అన్నాడు.

"చస్తే చచ్చావు, లేచి చావు!"

"ఆట అయిపోనీండి ఆంటీ. లేస్తే మోసం చేశానంటారు."

పక్కనున్న చచ్చిన అమ్మాయి కిసుక్కున నవ్వి, వెంటనే నోరు బిగించుకుంది. చీరాల జట్టులో ఎవరో "మంత్రగత్తె వచ్చింది! మంత్రగత్తె చచ్చినోళ్లని లేపతంది!" అని అరిచారు. ఇదీ ఆటలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. కంపెనీ మనుషులు కూడా కొట్టారు. నాగూర్‌బీ ఒకణ్ణి కూర్చోబెట్టి ఇంకొకరి దగ్గరికి వెళ్లేసరికి, కూర్చున్నవాడు నియమం తప్పకుండా మళ్లీ పడుకుంటున్నాడు. ఇంత నిజాయితీపరుల్ని ఆమె జన్మలో చూడలేదు. అంత కోపమూ ఎన్నడూ రాలేదు.

ఇంతలో బాపట్ల జట్టులో కాశింబీ ఒక్కతే మిగిలింది. ఎదురుగా మాస్టారు, ఇంకో ఇద్దరు. కత్తి ఎత్తి ఉంది.

"కాశిం! చంటిదిండు! ఆ తుంపుల్తో చంటిదిండు కుట్టా! కాటమ్మ మనవరాలి తల కిందుంది!"

కాశింబీ మొహం చూస్తుండగానే రంగు మారింది. ఆమె కత్తి పారేసింది. పట్టీలు తెంపుకున్నట్టు విప్పి కవచాన్ని తల మీదుగా తీసింది. ఈ ఆటలో కవచం విప్పడమంటే ఓడిపోయామని ఒప్పుకోవడం.

"ఓడిపోయాం మాస్టారూ! ఆట అయిపోయింది! అందరూ విప్పండి. మెల్లగా... కింద పడేయకండి, చేతుల్లో పట్టుకోండి, పసిపిల్లని పట్టుకున్నట్టు!"

ఆట అయిపోయిందనగానే చచ్చినవాళ్లందరూ ఒక్కసారే లేచారు. ఒక్కొక్కరూ కవచాన్ని అరచేతుల్లో పెట్టుకుని ఏమీ అర్థంకాక నిలబడ్డారు. ఎవరో ఇసుక మీద పెట్టబోతే మాస్టారే గద్దించాడు. ఆయనకీ ఏమీ తెలియదు, అయినా గద్దించాడు.

నాగూర్‌బీ ఒళ్లోంచి జారిన ఎనిమిదో కవచం కోసం వెనక్కి పరిగెత్తింది. అది పొంగి సమంగా ఉంది. గుంట లేదు. చెవి లేదు. తల అక్కడ లేదు.

ఎవరన్నా ఎత్తుకున్నారా? లేక?

తల్లీకూతుళ్లు ఆటో పట్టుకుని పల్లెపాలెం దారి పట్టారు.

అక్కడ కాటమ్మ గుడిసె ముందు నలుగురు ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. మధ్యలో సముద్రాలు బిడ్డని గుండెకి హత్తుకుని కూర్చుంది. బిడ్డ ఏడుస్తోంది. గొంతు బొంగురుపోయి, ఆగి ఆగి ఏడుస్తోంది. ఆ ఏడుపు విని నాగూర్‌బీ ఇసుకలోనే కూర్చుండిపోయింది.

"ఆ దిండు మొహాన్ని లోపలికి లాగేసుకుందమ్మా," అంది సముద్రాలు ఎవరితోనో చెబుతున్నట్టు. "నేను గుమ్మంలోనే వలకి ముడేస్తన్నా. మూలిగినట్టయింది. చూస్తే ముక్కు గూడా కనపడ్డంలే. రెండు చేతులేసి గుంజా."

కాటమ్మ నాగూర్‌బీని చూసింది. ఇరవై ఏళ్ల వాడుక ఆ చూపులో లేదు.

"ఏం పెట్టి కుట్టావు వదినా దాంట్లో?"

ఏం చెప్పాలి? పాకం సంగతి, పలక సంగతి, ఇసుకలో చచ్చి పడుకున్న పిల్లల సంగతి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి? కాశింబీ చెప్పబోయింది. రెండు మాటలు చెప్పేసరికి తనకే నమ్మబుద్ధి కాలేదు. "మాదే తప్పు," అని ఊరుకుంది.

"దిండు ఏది?" అంది నాగూర్‌బీ.

"మా అల్లుడు పడవలో తీసుకుబోయాడు. రాయి కట్టి లోపలెక్కడో పారేస్తానన్నాడు. ఇంక పోండి."

ఆ రాత్రికి కవచాలు ఇంటి గోడకి వేలాడాయి. తెల్లారి చూస్తే అన్నీ ఒకే తీరుగా ఊగుతున్నట్టు మెల్లగా ముడుచుకుని విచ్చుకుంటున్నాయి. తర్వాత ముడుచుకోవడమే మిగిలింది. మూడు రోజులకి అప్పడాల్లా పల్చబడ్డాయి. సముద్రం లోపల ఎక్కడో ఆ చిన్న దిండు కిందికి, ఇంకా కిందికి దిగుతోంది. ఒకరోజు పల్చటి అంచున వరసగా గాట్లు పడ్డాయి, ఏదో చిన్న నోరు రుచి చూసి వదిలేసినట్టు. కాశింబీ వేలితో తడిమి, వేలు వెనక్కి తీసుకుంది.

కంపెనీ వాళ్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు. ఆట చెడిపోయినా స్పాంజి పనితనం వాళ్లకి తెలిసిపోయింది.

"ఇంకో పీపా పొంగించమంటన్నారమ్మా. ఎంతమందికో మేలు జరుగుద్దంటన్నారు. అబద్ధమూ గాదు. పొంగించనా, మాననా?"

"నాకేం తెలుసే?"

"ఏదో ఒకటి చెప్పు."

"పొంగిస్తే తుంపులు ఎవరు కాస్తారో ముందు అది చూడు," అంది నాగూర్‌బీ. అది అవుననడమో కాదనడమో ఆమెకే తెలియలేదు. కాశింబీ పీపా మూత తీయలేదు, తాళమూ వేయలేదు.

కాటమ్మ వీధిలోకి వస్తూనే ఉంది. గంప నెత్తిన పెట్టుకుని వాళ్ల గుమ్మం ముందు మాత్రం అరుపు ఆపేసి, దాటాక మళ్లీ మొదలుపెట్టేది. అలా పదిహేను రోజులు విన్నాక నాగూర్‌బీ అటక మీది దూది ఏకే బద్ద దింపింది. ఖాజా పోయాక దాన్ని ఎవరూ ముట్టలేదు. బూరుగు దూది గింజ గింజా తీసి, చేతులు తిరగకపోయినా పొద్దంతా ఏకింది. కొత్త మల్లుగుడ్డ, కొత్త దారం. చిన్న దిండు. తుంపులతో కాదు, కొన్న దూదితో. అలాంటి చంటిదిండు ఆ వంశంలో ఎవరూ కుట్టలేదు.

మధ్యాహ్నం ఎండలో ఒక్కతే పల్లెపాలెం వెళ్లింది.

"నీ దిండు మా గడప దాటదు," అంది కాటమ్మ.

"వద్దులే. చూడు చాలు."

"చూడటానికేముంది? అదీ మెత్తగానే ఉండె."

సముద్రాలు బిడ్డని భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. దిండుని ముట్టుకోలేదు. వల బాగుచేసుకుంటున్న మగవాళ్లు పని ఆపి చూస్తున్నారు.

"నువ్వు పడుకో," అంది.

నాగూర్‌బీ అర్థంకానట్టు చూసింది.

"మొహం దాంట్లో పెట్టి, బోర్లా పడుకో. నా బిడ్డ ఎట్టా పడుకుందో అట్టా. నేను పాలిచ్చి వచ్చిందాకా లేవబాక."

"సముద్రాలూ, పెద్దమనిషే..." అంది కాటమ్మ, కానీ గట్టిగా అనలేదు.

నాగూర్‌బీ దిండుని గుమ్మం ముందు ఇసుకలో పెట్టింది. మోకాళ్ల మీద కూర్చుని, కొంగు సర్దుకుని, బోర్లా పడుకుంది. మొహం దూదిలో దిగింది. ఊపిరి వెచ్చగా తన మొహానికే తిరిగి కొట్టింది. బూరుగు కాయ వాసన. మల్లుగుడ్డలో గంజి వాసన. ఎవరో నవ్వారు, ఇంకెవరో వాళ్లని కసిరారు. తర్వాత సముద్రం చప్పుడొక్కటే.

దిండు కిందికి లాగుతున్నట్టనిపించింది. లాగటంలేదు, ఇది ఉత్త దూది, నేనే ఏకాను, అనుకుంది. మళ్లీ లాగింది. తన తల బరువా, తన భయమా, ఇంకెక్కడో ఎవరో నొక్కుతున్నారా అన్నది తెలియలేదు. ఆ పసిదానికి ఇంతకంటే ఏం తెలిసి ఉంటుంది? లేవొచ్చు. ఎవరూ పట్టుకోలేదు. వీపు మీద ఎండ కాలుతోంది. గుడిసెలో బిడ్డ గుటకలు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె చేతులు రెండూ ఇసుకలో పాతుకుని అలాగే ఉంది.

ఎంతసేపటికో పక్కన అడుగులు ఆగాయి.

"లే," అంది సముద్రాలు.

నాగూర్‌బీ లేచి కూర్చుంది. మొహమంతా చెమట. దిండులో ఆమె నుదురు, ముక్కు, గడ్డం అచ్చుపడి ఉన్నాయి. సముద్రాలు వంగి ఆ గుంటలో అరచెయ్యి పెట్టింది. చాలాసేపు పెట్టింది. గుంట లోతూ పెరగలేదు, పొంగనూ లేదు. ఎలా ఉన్నది అలాగే ఉంది.

దిండు తీసి ఇసుక దులిపింది. మెత్తగా దులపలేదు, గుంజకేసి నాలుగు బాదులు బాదింది. నాగూర్‌బీ ఒక్కొక్క బాదుకీ కళ్లు మూసుకుంది. అది చంకలో పెట్టుకుని, తీసుకుంటున్నానని గానీ వద్దని గానీ చెప్పకుండా, సముద్రాలు లోపలికి వెళ్లిపోయింది.

కాటమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి నాగూర్‌బీ ముందు పెట్టింది.

"మొహం కడుక్కో వదినా," అంది.